వెన్నుపాము తుదియు, మత్తుసూది మొనయు



మా గురువుగారైన ఏ మహనీయుని స్మృతికై ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆయన గుణగణములను ఇదివరకటి వక్తలు విస్తరించి చెప్పియున్నారు. నేను ఆ త్రోవ త్రొక్కను. పొగడ్తను సహించు స్వభావము ఆయనది కాదు. కాని ఆయన అలవాటొకటి మాత్రము చెప్పక తీరదు; ఏలయన నేటి నా ప్రసంగమంతయు దానినుండియే పుట్టినది. నడుములో మత్తుసూది గ్రుచ్చుటకు ముందు ఆయన రోగి వీపునుగాక మొదట పాదములను చూచెడివారు. కాలివ్రేళ్లను పైకెత్తుమనెడివారు, మడమలమీద నాలుగడుగులు వేయుమనెడివారు, మూత్రము ధారగా వచ్చుచున్నదా, నిలిచి నిలిచి వచ్చుచున్నదా యని అడిగెడివారు, ఆ మీదటనే వీపువైపు తిరిగెడివారు. సర్జనుగారు చేతులు కడుగుకొని కాచుకొనియుండగా ఈ తతంగమెందుకని శిష్యులమైన మేము లోలోన విసుగుకొనుటయు కద్దు.

నేను ఎన్నుకొన్న విషయము వెన్నుపాము తుదిభాగమునకు కలుగు వ్యాధులు, ఆ వ్యాధులు గలవారికి శస్త్రచికిత్స అవసరమైనపుడు మత్తు వైద్యుడు ఆలోచింపవలసిన సంగతులు. ఇది వైద్యులకే పరిమితమైన శుష్కవిషయమని తక్కినవారు నిరుత్సాహపడవలదు. నేడు మన ఊళ్లలో కాన్పు ఆపరేషను జరిగిన ఇంటను, హెర్నియాకో మోకాలికో కత్తి తగిలిన ఇంటను, ‘నడుములో సూది’ని గూర్చిన మాట ఒకటి ఉండనే ఉన్నది, ఆ సూదివలననే తనకు జన్మాంతము నడుమునొప్పి పట్టుకొన్నదని చెప్పు అత్తగారును, ఆ మాట విని ఆపరేషను బల్లమీద వణకుచు కూర్చుండు కోడలును మనకు క్రొత్తవారు కారు. నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదును: సూదిమీద మోపబడిన నేరములలో పెక్కులు సూదివి కావు, అంతకుమునుపే ఆ వెన్నులో దాగియున్న వ్యాధివి, సూదివలన నిజముగా కలిగిన హానిలో సయితము పెద్దపాలు గ్రుచ్చిన క్షణమునందుగాక, గ్రుచ్చుటకు ముందు చూడకపోవుటయందును, గ్రుచ్చిన పిమ్మట కాచుకొనియుండకపోవుటయందును ఉన్నది.

మత్తుమందును గూర్చి మాటాడుటకు ఈ హైదరాబాదుకంటె తగిన తావు అరుదు. క్లోరోఫారము ప్రాణాపాయకరమా కాదా యని తేల్చుటకు 1888లోను 1889లోను రెండు సంఘములు ఇచ్చటనే కూర్చున్నవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనమిచ్చెను. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ కార్యము నడిపెను. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు దిగివచ్చెను. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ ఈ విద్య నభ్యసించిన ప్రపంచపు తొలి స్త్రీలలో ఒకతెగా నేటికిని తలపబడుచున్నది. ఆ సంఘములు గంభీరముగా ప్రకటించిన సిద్ధాంతము, అనగా క్లోరోఫారమువలన గుండెకు ముందుగా శ్వాసయే ఆగునను మాట, తరువాత నిలువలేదు. ఆ మందు గుండెనే నేరుగా అదుపు తప్పించి ఆపగలదని లెవీ అను పరిశోధకుడు 1911లో చూపెను. నిశ్చయముగా పలికిన మాటలకు వైద్యమున ఆయువెంతయో చెప్పజాలము. ఇక ప్రస్తుతమునకు వత్తును.

వెన్నుపాము పుర్రె అడుగుననుండి వెన్నెముక గొట్టము వెంట దిగివచ్చు నాడీదండము. పెద్దవారిలో దాని నిడివి ఇంచుమించు 45 సెంటీమీటర్లు. గర్భస్థ శిశువునకు మూడవ నెలలో ఆ గొట్టమంతయు వెన్నుపాముతో నిండియుండును. పిమ్మట ఎముకలు పెరిగినంత వేగముగా నాడి పెరుగదు గనుక, పుట్టునాటికి దాని కొస మూడవ నడుముపూస కడకును, పెద్దవారిలో మొదటి రెండు నడుముపూసల నడిమికిని చేరును. ఆ కొస శంకువు ఆకారమున సన్నగిలి యుండును. దానినుండి ఒక తంతువు క్రిందికి సాగి తోకయెముకకు అంటుకొనును. ఆ తంతువు చుట్టును, కాళ్లకును కటిప్రదేశమునకును పోవు నాడీమూలములు గుఱ్ఱపు తోకవలె జాలువారుచుండును. మస్తిష్కమేరుద్రవముతో నిండిన సంచి రెండవ త్రికపూస కడ ముగియును. కనుక మూడవ నడుముపూసకు దిగువ సూది గ్రుచ్చినచో, సాధారణముగా, మొనకు తగులునవి నీటిలో కదలియాడు నాడీతంతువులే. అవి ప్రక్కకు తొలగగలవు. దానికి ఎగువ గ్రుచ్చినచో తగులునది తొలగుటకు తావులేని తుదిశంకువు. మత్తుసూది శాస్త్రమంతయు ఈ రెండు మూడు అంగుళముల భేదముమీద నిలిచియున్నది.

ఆ తుదిశంకువు చాల చిన్నది. కాని మూత్రాశయమును, మలద్వారమును, జననేంద్రియములను ఏలు నాడీకేంద్రములలో ముఖ్యమైనవి అందులోనే ఇమిడియున్నవి. మెడకడ వెన్నుపాము నలిగిన రోగిని చూచి లోకము జాలిపడును. తుదిశంకువు చెడినవాడు నడువగలిగియు, నలుగురిలో తిరుగగలిగియు, ఎవ్వరికిని చెప్పుకొనలేని బాధలో బ్రదుకును. పెండ్లి సంబంధములు తప్పించుకొను యువకులను, సంచిలో గుడ్డలు దాచుకొని పనికిపోవు స్త్రీలను నేనెరుగుదును. శంకువు దెబ్బతిన్నపుడు మూత్రమలముల అదుపు మొదటనే తప్పును, లోపము రెండుప్రక్కల సమముగ నుండును, నొప్పి స్వల్పము. నాడీమూలముల కట్ట దెబ్బతిన్నపుడు ఒక కాలు ఎక్కువ, ఒకటి తక్కువగా పట్టుతప్పును, పోటు దుస్సహము, మూత్రబంధము తరచుగా తరువాత వచ్చును. రెంటియందును గుఱ్ఱమునెక్కినవానికి జీను తగులు చోట స్పర్శ నశించును. ఆ చోటును పరీక్షించుట రోగికిని వైద్యునికిని సిగ్గు. ఆ సిగ్గువలన చెడిన కేసులు మత్తుమందువలన చెడిన కేసులకంటె తక్కువ కావని నా నమ్మకము.

ఇక నడుములో మత్తుసూది పుట్టిన కథ తెలియనివారికి రెండు మాటలు. జర్మనీలోని కీల్ నగరమున క్విన్‌కే 1891లో నడుమునుండి మేరుద్రవమును తీయు పద్ధతిని ప్రకటించెను. అదే నగరమున ఆగస్టు బియర్ అను సర్జను 1898 ఆగస్టు 16వ తేదీన చీలమండ క్షయతో బాధపడు ఒక కూలివాని వెన్నులోనికి కొకైను ఎక్కించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసెను. ఎనిమిది దినముల పిమ్మట తనమీదనే ప్రయోగము తలపెట్టగా సిరంజి సూదికి అమరక ద్రవము కారిపోయెను; అంతట సహాయకుడు హిల్డెబ్రాంట్ ముందుకు వచ్చెను. మత్తెక్కినపిమ్మట బియర్ అతని ముంగాలిని ఇనుపసుత్తితో మోది, చర్మమునకు చుట్టనిప్పు సోకించి, నొప్పి లేదని వ్రాసుకొనెను. పిమ్మట ఇరువురును తలనొప్పితో బాధపడిరి. హిల్డెబ్రాంటు కాలిమీద దెబ్బలు వేరుగా కమిలినవి. సూదిరంధ్రముగుండ మేరుద్రవము కారుటచే వచ్చు ఆ తలనొప్పి నేటికిని మనలను విడువలేదు. సూదులు సన్నబడినకొలది తగ్గినది.

ఈ విద్యకు అన్నిటికంటె పెద్ద అపకీర్తి తెచ్చినది ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డున జరిగిన సంఘటన. 1947 అక్టోబరు 13వ తేదీన అచ్చటి రాయల్ ఆసుపత్రిలో ఒకే దినమున ఒకే మత్తు వైద్యుడు వూలీ, రో అను ఇరువురికి నూపర్‌కైను అను మందును వెన్నులో ఎక్కించెను. ఒకనికి బుడ్డకును, ఒకనికి మోకాటి మృదులాస్థికిని శస్త్రచికిత్స. ఇరువురును నడుము క్రింద చచ్చుబడిపోయిరి; మరి కోలుకొనలేదు. మందు నింపిన గాజు ఆంప్యూళ్లను సూక్ష్మజీవులు సోకకుండుటకై ఫినాల్ ద్రవములో నానవేయుట నాటి ఆచారము. కంటికి కానరాని పగుళ్లగుండ ఫినాల్ లోనికి దిగి మందుతో కలిసి నాడులను కాల్చినదని న్యాయస్థానమున వాదము నెగ్గెను. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు రాబర్టు మాకింటోష్ వైద్యుని పక్షమున సాక్ష్యమిచ్చెను. 1953లో క్రిందికోర్టును, 1954లో అప్పీలుకోర్టును రోగుల దావాను త్రోసివేసినవి; 1947 నాటికి ఎవరికిని తెలియని అపాయమును ఊహించలేదన్న కారణముచే వైద్యుని దోషిని చేయరాదని న్యాయమూర్తి డెనింగ్ తీర్పులో చెప్పెను. ఆ తీర్పు నేటికిని న్యాయవాదులకు పాఠ్యాంశము. ధర్మశాస్త్రము ప్రకారము అది సరియే కావచ్చును. ఏ తప్పు చేయకయే కాళ్లు పోగొట్టుకొని ఒక్క పౌనైనను పొందజాలని ఆ యిరువురి మాట తలచుకొన్నపుడు నా మనస్సు సమాధానపడదు.

ఆ సంఘటన పిమ్మట బ్రిటను దేశమున ఒక తరమువారు వెన్నులో సూది గ్రుచ్చుటకే జంకిరి. విచిత్రమేమనగా, 1990 ప్రాంతమున ఆ కేసును తిరుగవేసి చూచినవారు ఫినాల్ కథను నమ్మలేదు. సూదులును సిరంజులును మరగించు పాత్రలో పేరుకొన్న సున్నపుపొలుసును తొలగించుటకు వాడిన ఆమ్లము కడుగకమిగిలి వానిద్వారా వెన్నులోనికి పోయియుండునని వారి ఊహ. ఏది నిజమైనను మత్తుమందు దోషి కాదు. అప్పీలుకోర్టు తీర్పు వెలువడిన 1954లోనే అమెరికాలో డ్రిప్స్, వాండమ్ అనువారు 10,098 స్పైనల్ మత్తులను ఓపికతో వెంబడించి పరిశీలించి, కాళ్లు చచ్చుబడుట వంటి పెద్ద ఉపద్రవమేదియు లేదని ప్రకటించిరి. వారే రెండేండ్ల తరువాత మరియొక వ్యాసమున, మునుపే నాడీవ్యాధి యున్నవారిలో మత్తు పిమ్మట ఆ వ్యాధి తీవ్రమైన వైనమును విడిగా చర్చించిరి. నాకు మొదటిదానికంటె ఈ రెండవ వ్యాసమే ముఖ్యముగా తోచును. భయమునకు అసలు తావెచ్చటనో అది చూపుచున్నది.

మందు నిర్దోషియని నేననుట తగుమోతాదుకు లోబడిన మాట. 1991లో అమెరికానుండియే వచ్చిన నివేదిక యొకటి వెండ్రుకవాసి కాథెటర్లగుండ 5 శాతపు లిగ్నోకైనును మరల మరల ఎక్కించిన కొందరు రోగులలో నాడీమూలముల కట్ట శాశ్వతముగా చెడినట్లు తెలిపెను. సన్నని గొట్టమునుండి మెల్లగా కారిన చిక్కని మందు ద్రవముతో కలియక అడుగున ఒకేచోట నిలిచి నాడులను చెరచెను. మరుసటి సంవత్సరమే ఆ సన్నగొట్టములు అచ్చటి విపణినుండి తొలగింపబడినవి. మత్తు సరిగా ఎక్కలేదని అదే దారిని మరల మందు పోయబోవు యువవైద్యుడు ఒక్క నిమిషమాగి ఈ మాట తలచుకొనవలెను.

ఇక వెన్నులో ముందే దాగియుండు వ్యాధులు. మొదటిది పుట్టుకతో వచ్చునది. ఇందాక చెప్పిన తుదితంతువు బిగిసి, లేదా క్రొవ్వుగడ్డ యొకటి అడ్డుపడి, వెన్నుపాము కొస పైకి తేలలేక నాలుగు ఐదు నడుముపూసల కడ కట్టుబడిపోవును. పిల్ల ఎదిగినకొలది ఆ నాడి సాగి నలుగుచుండును. ఒకనాడు కాన్పు ఆపరేషనుకై వచ్చిన యువతి థియేటరు గుమ్మమున చెప్పులు విడిచినపుడు ఆ జతలో కుడిచెప్పు ఎడమదానికంటె చిన్నదిగా నుండుట మా నర్సమ్మ కనిపెట్టెను. అడుగగా, ‘నా పాదాలు సమానంగా లేవమ్మా, ఎప్పుడూ రెండు జతలు కొని ఒక్కొక్కటి వేసుకుంటాను’ అని ఆ పిల్ల నవ్వెను. పాదము నడుమ ఎత్తుగా వంగి, వ్రేళ్లు ముడుచుకొనియున్నవి. చీరకుచ్చెళ్లు కొంచెము సడలించి చూడగా పిరుదుల చీలికకు పైన అరచేతి వెడల్పున దట్టమైన వెండ్రుకల కుచ్చు. ఇంటివారు దానిని అదృష్టపు గుర్తని చెప్పుకొనుచుండిరి; దగ్గినపుడు మూత్రము జారుచుండుట తల్లికి తప్ప ఎవరికిని తెలియదు. ఆమెకు నడుములో సూది మాని, పూర్తిమత్తు ఇచ్చి బిడ్డను తీసితిమి. పిమ్మట తీయించిన ఎమ్మారై బొమ్మలో వెన్నుపాము నాలుగవ నడుముపూస దాటి దిగియున్నది. పుస్తకములు నిరపాయస్థానమని చెప్పు చోటనే సూది గ్రుచ్చియున్నచో మొన నేరుగా నాడిలోనికే దిగియుండెడిది. ఆ పిమ్మట కాలు పడిపోయినచో లోకము సూదినే నిందించును, అపుడు లోకమును తప్పుపట్టుటకు మనకు నోరుండదు.

వెన్ను చీలి నాడులు వెలికి ఉబ్బి పుట్టు శిశువుల విషయమును త్వరగా దాటుదును. ఆ గడ్డ నలుగకుండ శిశువును ప్రక్కకు పరుండబెట్టియో, గుండ్రని మెత్తమీద నిలిపియో మత్తివ్వవలెను. వారు పెరిగి పలుమార్లు శస్త్రచికిత్సలకు వచ్చుటచే రబ్బరు తొడుగులకు ప్రాణాంతకమైన అలర్జీ ఏర్పడవచ్చును గనుక మొదటినుండియు లాటెక్సు లేని సామగ్రినే వాడవలెను. మరియు గర్భధారణకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, మునుపొక బిడ్డకు ఇట్టి లోపము కలిగిన తల్లులలో అది తిరిగి వచ్చుట 72 శాతము తగ్గునని 1991 నాటి బ్రిటిషు పరిశోధన తేల్చినది. ఆ మాత్ర ధర తెలిసినవారికి వేరు వ్యాఖ్య అక్కరలేదు.

వెన్నుక్షయను గూర్చి పెర్సివల్ పాట్ 1779లో వ్రాసెను. మన వార్డులలో అది నేటికిని ఉన్నది. ఛాతిపూసలు నడుముపూసలు కలియుచోట అది మక్కువతో స్థిరపడును. సరిగా దాని వెనుకనే తుదిశంకువు ఉన్నది. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, వీపున చేయి తగిలిన చోట నొప్పి, ఇవి మూడును కూడిన రోగి హెర్నియా ఆపరేషనుకు వచ్చినను ముందు వెన్ను ఎక్సురే తీయించవలెను. చీమున్న చోటుగుండ సూది పంపినచో ఆ చీమును మేరుద్రవములోనికి స్వహస్తములతో చేర్చినట్లే.

మన తెలుగునేలకు ప్రత్యేకముగా చెందిన వ్యాధి యొకటి కలదు; దానికడ కొంచెము ఆగవలెను. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరుటచే ఎముకలు చెడునని భారతదేశమున మొట్టమొదట గుర్తింపబడినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో. అవి తరువాత ప్రకాశము జిల్లాలో చేరినవి. షార్టు మున్నగువారు 1937లో ఆ సంగతి ప్రకటించిరి. నల్లగొండ జిల్లాను గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడెను. ఫ్లోరైడు వెన్నెముకను బిగించి నాడులను నలుపు తీరును హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు దశాబ్దముల పర్యంతము పరిశోధించి లోకమునకు తెలిపిరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దును నల్లగొండ జిల్లాలోని మఱ్ఱిగూడ, నాంపల్లి ప్రాంతపు బావులు ఎన్నో రెట్లు మీరియుండెడివి.

ఆ ప్రాంతమునుండి ప్రోస్టేటు ఆపరేషనుకై వచ్చు వృద్ధుని బల్లమీద కూర్చుండబెట్టి చూడుడు. గడ్డము ఎదకు ఆనించుమందురు, మెడ కదలదు. దిండును కౌగిలించుకొని ముందుకు వంగుమందురు. నడుము వంగదు, తుంటికడ మాత్రమే మనిషి మొత్తము ముందుకు వాలును. పూసల నడుమ నుండవలసిన మెత్తని పల్లములు వ్రేళ్లకు దొరకవు. సూది దింపగా స్నాయువు దాటునపుడు చేతికి తెలియవలసిన ఆ చిన్న పట్టు విడుపు తెలియదు. స్నాయువే ఎముకగా మారియున్నది. నడుమధ్యనుండి గ్రుచ్చుట మానుకొని ప్రక్కనుండి, ఇంకను దిగువనుండి ప్రయత్నింతురు. ఎచ్చటనైనను ఠక్కున ఎముకయే. ఒకవేళ దారి దొరికినను వెన్నుగొట్టము ఇరుకైపోయినందున అలవాటు మోతాదు అనుకొన్నదానికంటె పైకి పోవచ్చును, నలిగియున్న నాడులు మరింత నలుగవచ్చును. సరే, పూర్తిమత్తు ఇత్తమందురా, మెడ వెనుకకు వంగదు గనుక శ్వాసనాళములో గొట్టము వేయుట దుర్ఘటము; ప్రక్కటెముకల కీళ్లును బిగిసియుండుటచే ఊపిరి నిండుగా పీల్చినపుడు ఛాతి చుట్టుకొలత పెరుగుట స్వల్పము. ఇట్టివానికి మెలకువలోనే, గొంతు మొద్దుబారజేసి, ఫైబరు దుర్భిణి సాయమున గొట్టము వేయుట నా అనుభవమున మేలైన మార్గము. కాని అది వేగిరపడువారి పని కాదు. జిల్లా ఆసుపత్రిలో ఆ దుర్భిణి లేనిచో రోగిని పెద్దాసుపత్రికి పంపివేయుటయే పౌరుషము. నేడు కృష్ణాజలములు కుళాయిలద్వారా ఆ పల్లెలకు చేరుచున్నవి, సంతోషము; నీరు మారినను మునుపే బిగిసిన వెన్ను మాత్రము తిరిగి మెత్తబడదు, ఆ తరమువారు ఇంకను మన బల్లలమీదికి వచ్చుచునే యుందురు.

నడుముపూసల నడిమి బిళ్ల (డిస్కు) జారి నాడీమూలములను నొక్కునను విషయమును మిక్స్టర్, బార్ 1934లో స్థాపించిరి. బిళ్ల నడుమధ్యకు పెద్దగా జారినపుడు రెండుకాళ్లు తిమ్మిరెక్కి మూత్రము బిగియును. అది రాత్రియని, పండుగయని ఆగరాని శస్త్రచికిత్స. అట్లుకాక ఇరుకైన వెన్నుగొట్టముతోనో పాత బిళ్లనొప్పితోనో బ్రదుకుచు, వేరొక ఆపరేషనుకై వచ్చినవారి సంగతి వేరు. అట్టివారు 937 మందిని మేయో క్లినికువారు పరిశీలింపగా నడుముమత్తు పిమ్మట పదిమందికి నాడీలోపము క్రొత్తగా వచ్చుటయో, ఉన్నది హెచ్చుటయో జరిగెను. ఇది నిషేధింపదగినంత పెద్ద సంఖ్య కాదు, చెప్పక దాచదగినంత చిన్న సంఖ్యయు కాదు. రోగికి చెప్పవలెను, మునుపటి లోపమును, ఏ కాలు, ఏ వ్రేలు, ఏ చోట స్పర్శ తక్కువ యని కాగితముమీద వ్రాయవలెను.

కాలు పడిపోయిన రోగులను గూర్చి యువవైద్యులకు మరియొక హెచ్చరిక. వెన్నుపాము దెబ్బతిని రెండుమూడు దినములు గడచిన పిమ్మట, కొన్ని మాసముల పర్యంతము, సక్సమిథోనియము అను కండర శైథిల్యకారిని ఇచ్చినచో రక్తమున పొటాసియము ఒక్కుమ్మడిగా పెరిగి గుండె ఆగవచ్చును. పుట్టుకతో వెన్ను చీలిన పిల్లలలో ఈ భయము కనబడలేదు. పైకి ఇరువురి కాళ్లును ఒక్కతీరుననే చచ్చుబడియుండును.

సూది గ్రుచ్చు చోటును లెక్కించుటయందు మనకుగల ఆత్మవిశ్వాసము ఎంత నిరాధారమో 2000 సంవత్సరమున ఆక్స్‌ఫర్డున జరిగిన పరీక్ష యొకటి చూపినది. తుంటియెముకల శిఖరములను కలుపు గీత నాలుగవ నడుముపూసను దాటునని ఫ్రెంచి సర్జను టఫియే పేర మనమందరము చదువుకొన్నాము. అనుభవజ్ఞులగు మత్తు వైద్యులచే వ్రేళ్లతో తడిమించి, వారు చెప్పిన చోటును ఎమ్మారైతో పోల్చి చూడగా, సరిగా చెప్పినది 29 శాతము మాత్రమే. తప్పిన సందర్భములలో పెక్కుసార్లు అసలు చోటు వారనుకొన్నదానికి పైననే యున్నది. మరుసటి సంవత్సరమే రేనాల్డ్స్ అను విదుషీమణి తుదిశంకువు గాయపడిన ఏడు కేసులను ప్రకటించెను. ఏడుగురును స్త్రీలే, ఆరుగురు కాన్పుకు వచ్చినవారే. నిండుగర్భిణుల నడుము లావెక్కి వ్రేళ్లకు ఎముక అందదు. అందుచే అనుమానమున్నచో ఒక పూస దిగువకే పోవలయును. అల్ట్రాసౌండు యంత్రము గదిలో నుండగా దానిని కడుపుమీద మాత్రమే వాడి వీపుమీద వాడకుండుటకు నాకు కారణము కనబడదు. గ్రుచ్చుచుండగా కాలిలోనికి మెరుపువంటి పోటు వచ్చినదని రోగి కేక వేసినచో చేయి వెంటనే ఆగవలెను. ఆ పోటుమీద మందు ఎక్కించుట క్షమింపరానిది.

గ్రుచ్చిన పిమ్మటి సంగతి. రక్తమును పలుచనచేయు మందులు వాడువారు నేడు ఇంటింట నున్నారు. గుండెకు స్టెంటు వేయించుకొన్న పెద్దలు ఆ బిళ్లలపేరు చెప్పుట మరచిపోవుదురు. ‘గుండె బిళ్ల’ అని మాత్రమందురు. ఆ చీటీ తెప్పించి స్వయముగా చదువవలెను. వెన్నుగొట్టములో రక్తము గడ్డకట్టి నాడులను నొక్కుట మిక్కిలి అరుదు. కాని అట్లు నొక్కినపుడు కాళ్లు పడిపోవ నారంభించిన ఎనిమిది గంటలలోపల గొట్టమును తెరచి గడ్డను తీసినవారిలోనే కోలుకొను ఆశ హెచ్చు. ఆ ఎనిమిది గంటలు మన ఆసుపత్రులలో ఎట్లు గడచునో తెలిసినదే: మత్తు ఇంకను దిగలేదని నర్సు, తెల్లవారిన పిమ్మట చూతమని జూనియరు, వారి మాటలు నమ్మి దుప్పటి కప్పు బంధువు. సూదివలన వచ్చిన మత్తు ఒకసారి దిగి, కాళ్లు మరల మొద్దుబారినచో అది మత్తు కాదు. నాలుగు గంటలు దాటినను మోకాలు వంచక కాలెత్తలేకున్నచో అది మత్తేయని ఎవరును ధైర్యము చెప్పరాదు.

ఇన్ని అపాయములు చెప్పిన పిమ్మట వాని కొలతయు చెప్పవలెను. 2006-07లో బ్రిటనులో ఒక సంవత్సరము పొడవునను జరిగిన ఏడు లక్షలకు మించిన వెన్నుమత్తులను లెక్కించి చూడగా, శాశ్వతమైన హాని లక్షకు రెండునుండి నాలుగువరకు మాత్రమే తేలినది. ఇక నడుమునొప్పి విషయము. కాన్పునొప్పులకు వెన్నులో మందు ఎక్కించినవారిని, ఎక్కించనివారిని చీట్లువేసి విడదీసి ఏండ్లతరబడి పరిశీలింపగా నడుమునొప్పి ఇరువర్గములలోను సమానముగనే కనబడెను. గర్భభారమువలన వదులైన కీళ్లు, వంగి బిడ్డకు పాలిచ్చుట, నీళ్ల బిందెలు, రక్తహీనత, నిద్రలేమి, ఇవన్నియు ఆ నొప్పికి కారణములై యుండగా, ఒక్క సూదిని పట్టుకొని నిందించుట మన యిండ్లలో కోడండ్ర పనిభారమును మాటాడకుండుటకు దొరికిన సులభోపాయమని నాకు అప్పుడప్పుడు తోచును. అత్తగార్లు నన్ను మన్నింతురుగాక.

ఆసుపత్రుల యాజమాన్యములకు నా విన్నపమొక్కటి కలదు. వార్డులో నాడి, రక్తపుపోటు, జ్వరము వ్రాయు కాగితమున మరియొక గడి గీయించుడు. నడుముమత్తు పొందిన ప్రతి రోగియు రెండు కాళ్లను మోకాలు వంచక ఎత్తిన గంట ఆ గడిలో వ్రాయబడవలెను. నాలుగవ గంటకు ఆ గడి ఖాళీగా నున్నచో, అర్ధరాత్రియైనను, మత్తు వైద్యునికి ఫోను పోవలెను. దీనికి యంత్రము అక్కరలేదు, ధనము అక్కరలేదు. సభలోని పౌరులకును ఇదియే చెప్పుచున్నాను: మీ వారికి నడుములో సూది వేసినచో ప్రక్కన కూర్చున్న మీరు గడియారము చూచుకొనుడు, కాలెత్తుమని అడుగుడు, ఎత్తలేకున్నచో సిగ్గుపడక, గదమాయించినను వెనుదీయక, వైద్యుని పిలిపింపుడు.